బోను గారూ, తమ సిద్ధాంతానికి కాలం చెల్లింది

గౌరవనీయులైన ఎలుకల బోను గారికి,

గుంటూరు బ్రాడీపేటలోని ఒక పాత ఇంటి నుంచి నమస్కరించి వ్రాయునది. పట్నం బజారులో కొని తెచ్చిన నాటి నుంచి తమరు మా వంటింటి నేల మధ్యలో, కొక్కేనికి కాల్చిన ఎండుకొబ్బరి ముక్క తగిలించుకుని, నోరు తెరుచుకుని నిష్ఠగా కూర్చుంటున్నారు. ఎలుక మాత్రం తమ పక్కనుంచే వెళ్ళి బియ్యం బస్తాకు చిల్లు పెడుతోంది. తమ సేవానిరతిని శంకించే ఉద్దేశం నాకు లేదు గానీ, ఆకలిగొన్న ప్రాణి ఎర కనిపించిన వైపు నడిచి తీరుతుందనీ, ఎర దొరికితేనే దారి నేర్చుకుంటుందనీ తమరు నమ్ముకున్న సిద్ధాంతం అమెరికాలో 1930లోనే బీటలు వారింది. ఆ కబురు తమకింకా అందినట్లు లేదు.

ఆ ఏడాది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన టోల్మన్, హాంజిక్ అనే పరిశోధకులు ఎలుకలను మూడు జట్లుగా విడదీసి, 14 చీలికలున్న చిక్కుదారిలో రోజూ వదిలిన ప్రయోగాన్ని ప్రకటించారు. దారి చివర మొదటి జట్టుకు మొదటి నుంచీ తిండి పెట్టారు, రెండో జట్టుకు అసలే పెట్టలేదు, మూడో జట్టుకు పది రోజులు ఖాళీగా తిప్పి 11వ రోజున పెట్టారు. తమ లెక్క ప్రకారం ఈ మూడో జట్టు ఆ రోజు నుంచే ఓనమాలు దిద్దుకోవాలి. అవి మర్నాటికల్లా తప్పులు బాగా తగ్గించుకుని, మొదటి జట్టుతో సమానంగా నడిచాయి. పది రోజులూ పనీపాటా లేకుండా తిరుగుతున్నట్లు కనిపించిన ఎలుకలు దారంతా చదువుకుని, అవసరం వచ్చేదాకా ఆ సంగతి బయటపెట్టలేదన్నమాట. ఎలుక తలలో ఒక పటం తయారవుతుందని 1948లో టోల్మన్ వాదించాడు. ఆ తరువాత కూడా ఎరనే నమ్ముకున్నవారిలో తమరు కాక, పోలింగు ముందురాత్రి కవర్లు పంచేవారే నాకు గుర్తుకొస్తున్నారు. వారికీ అప్పుడప్పుడు లెక్క తప్పుతూనే ఉంది.

ఆ పటం మెదడులో ఎక్కడుందో 1971లో లండన్‌లో జాన్ ఓకీఫ్, డోస్ట్రోవ్‌స్కీ పసిగట్టారు. హిప్పోకాంపస్ అనే భాగంలోని కొన్ని కణాలు, ఎలుక ఒకానొక చోటికి చేరినప్పుడే చురుకుగా స్పందిస్తాయి. కనుక మా గ్రైండరు వెనుక ఒక కణం, అటక మెట్టు దగ్గర మరొక కణం తమ వంతు కోసం ఎదురుచూస్తున్నాయనుకోవచ్చు. 2005లో నార్వేలో మే-బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్‌ల బృందం ఆ పక్క భాగంలో గ్రిడ్ కణాలను వర్ణించింది. వీటిలో ఒక్కొక్క కణం నేల మీద సమాన దూరాల్లో పదేపదే స్పందిస్తుంది, ఆ చోట్లన్నీ కలిపితే సమబాహు త్రిభుజాల అల్లిక కనిపిస్తుంది. మా బ్రాడీపేటను లైన్లుగా, అడ్డరోడ్లుగా గీసినవారు, రెండు అంకెలు చెబితే ఆటో ఇంటి ముందు ఆగుతుందని గర్వపడి ఉంటారు. అదే ఇంటి చూరులో ఉన్న ప్రాణి ఏ టౌన్ ప్లానింగ్ అనుమతీ లేకుండా త్రిభుజాలతోనే పని కానిస్తోంది. ఓకీఫ్‌కూ మోసర్‌లకూ 2014లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. ప్రయోగశాల ఎలుక జాతి వేరు, మా అటక మీది నల్ల ఎలుక జాతి వేరు అని తమరు అభ్యంతరం చెప్పవచ్చు. చుట్టరికం దగ్గరిదేనండీ.

అన్నిటికంటె తమకు బాధ కలిగించేది వేరే ఉంది. ఎలుక దారి చీలే చోట ఆగి, తలను అటొకసారి ఇటొకసారి తిప్పడం తమరు పిరికితనంగా భావిస్తుండవచ్చు. 2007లో జాన్సన్, రెడిష్ ప్రకటించిన ప్రయోగంలో, అలా ఆగిన ఎలుక హిప్పోకాంపస్‌లో ముందున్న ఒక దారికి చెందిన కణాలూ, ఆపైన రెండో దారికి చెందిన కణాలూ వరుసగా స్పందించాయి. కాళ్ళు కదలకుండానే అది రెండు వైపులా వెళ్ళి చూసివచ్చినట్లే. నిన్న రాత్రి తమ గుమ్మం ముందు మీసాలు ఆడిస్తూ నిలబడి, ముందరి కాలు ఒకటి లోపల పెట్టి, వెనక్కి తీసుకుని వెళ్ళిపోయినవారు తమ తలుపు పడటాన్ని ముందే చూసి ఉంటారని నా అనుమానం. ఇంతా చేసి పగలు పడుకున్నప్పుడైనా ఊరుకుంటుందా అంటే, నడకలో కలిసి స్పందించిన కణాలు నిద్రలోనూ కలిసి స్పందిస్తాయని విల్సన్, మెక్‌నాటన్ 1994లో చూపించారు. తమరు మేలుకుని కాపలా కాస్తుండగా అది నిద్రపోతూ మా వంటిల్లు వల్లెవేసుకుంటోంది.

కాబట్టి ఈ రాత్రి నుంచి తమ స్థానం మారుతుంది. ఎలుకలు నడి గదిలోకి రావడానికి జంకి గోడ వారగా నడుస్తాయి కనుక తమరు గోడకు ఆనుకుని కూర్చోవాలి. కొత్త వస్తువును చూస్తే అవి అనుమానిస్తాయి కనుక కొన్నాళ్ళపాటు తలుపు తాడుతో కట్టివేసుకుని, వచ్చినవారికి ఉచితంగా కొబ్బరి పెట్టి పంపాలి. ఇది తమ వృత్తిధర్మానికి విరుద్ధమని తెలుసు.

ఒకవేళ పడినా, మా ఇంట్లోవారు దానిని చంపడానికి చేతులు రాక పక్క లైనులో వదిలి వస్తారు. కొత్త చోట వదిలిన ఎలుక ఒక మూలను స్థావరంగా ఎంచుకుని, అక్కడి నుంచి ఆగి ఆగి ముందుకు వెళ్ళి, వడివడిగా తిరిగి వస్తూ ఆ ప్రదేశమంతా చూసుకుంటుంది. మేము దీనిని ఎలుకను వదిలించుకోవడం అంటున్నాం. సర్వే శాఖలో బదిలీ అంటారు.

ఇట్లు,
తమ కొబ్బరి ఖర్చు భరిస్తున్న గృహస్థు,
బ్రాడీపేట, గుంటూరు