మా నెత్తిమీది స్లాబు గారికి

మహారాజశ్రీ స్లాబు గారికి,

మీ కింద కాపురముంటున్న చెన్నై వడపళని అద్దెదారు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అనడం ఆనవాయితీ గానీ, నడివేసవి మంటల అగ్నినక్షత్రం నడుస్తోంది, మా కుశలం అంతంతమాత్రం.

ఇల్లు చూపించిన రోజున ఓనరుగారు "టాప్ ఫ్లోర్ సార్, గాలికి లోటుండదు" అన్నారు. అబద్ధం కాదు. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి వస్తుంది, కర్టెన్లు ఎగురుతాయి. మీ డ్యూటీ మొదలయ్యేదీ అప్పుడే. అయిదంగుళాల కాంక్రీటులోంచి మిట్టమధ్యాహ్నపు ఎండ కిందికి దిగడానికి మూడు నాలుగు గంటలు పడుతుందట. పగలంతా సూర్యుడి దగ్గర డిపాజిట్లు కట్టించుకుని, మేం పక్కలేసుకునే వేళకి మా మీద పంపిణీ మొదలుపెడతారు. రాత్రి పదింటికి దిండు వేడి, స్విచ్‌బోర్డు వేడి. ట్యాంకు కూడా మీ పైనే ఉంది కాబట్టి కుళాయి తిప్పితే గీజరు నీళ్లే. మా అత్తగారు చారుకి చింతపండు ఆ నీళ్లలోనే నానేస్తున్నారు, గ్యాసు కలిసొస్తుందని.

వాతావరణ శాఖకి చెప్పుకుందామంటే, వాళ్ల థర్మామీటరు తెల్లరంగు చెక్కపెట్టెలో, నీడలో, గాలి తగిలేలా హాయిగా ఉంటుంది. (ఆ పెట్టె అద్దెకిస్తారేమో కనుక్కోవాలి.) 2003 మే 31న నుంగంబాక్కంలో 45 డిగ్రీలని లెక్క రాసిందీ ఆ నీడలోంచే. ఆ రోజు మీ ఒంటి వేడి ఎంతో అడిగిన పాపాన పోలేదు ఎవరూ.

అయినా మీ ఒక్కరినే ఆడిపోసుకోవడం న్యాయం కాదు. రాత్రిళ్లు పల్లెకన్నా పట్నమే వేడిగా ఉంటుందని రెండు వందల ఏళ్ల కిందటే లండన్‌ని చూసి ల్యూక్ హోవర్డ్ అనే వాతావరణ పరిశీలకుడు రాశాడు. అప్పటికి ఏసీల్లేవు. ఇప్పుడు కింది వాటావాళ్ల అవుట్‌డోర్ యూనిట్, వాళ్ల గదిలో వేడికి తను తాగిన కరెంటు వేడి కూడా కలిపి మా కిటికీలోకి కక్కుతోంది. ఇక చల్లబరచాల్సిన చెరువులంటారా, 1920ల్లో మాంబళం చెరువు పూడ్చి టి.నగర్ కట్టారు. అక్కడ ఇప్పుడున్నది మీ బంధువర్గమే.

మీకు తెల్ల పెయింటు వేయిస్తే ఎండ చాలావరకు తిరిగిపోతుందని ఓనరుగారికి చెప్పాను. "మాసిపోతుంది సార్" అన్నారు. పోనీ సున్నం? "వచ్చే సమ్మర్‌కి చూద్దాం." సాయంత్రం రెండు బకెట్లు పోస్తే సుయ్యిమంటారు, మళ్లీ మామూలే. నీళ్లు లారీల్లో కొనుక్కునే ఊళ్లో మీకు రోజూ అభిషేకాలు నావల్ల కాదు.

మొన్న అద్దె పెంచారు. ఎందుకండీ అంటే, మీ మీద ఇంకో అంతస్తు లేపుతున్నారట. అది లేస్తే మీరు నీడపట్టునుంటారు, మా ఇల్లు చల్లబడుతుంది. ఆ చల్లదనానికి అడ్వాన్సు.

ఇట్లు,
మీ కింద ఉడుకుతున్నవాడు