తొమ్మిది వేల గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ తొమ్మిది వేల ఆర్‌పీఎం గారి దివ్య సముఖమునకు,

టెక్సాస్ రాష్ట్రం, ప్లేనో నుంచి తమ విధేయుడు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరు నా హోండా ఎస్2000 స్పోర్ట్స్ కారులో, ఇంజిను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చూపే మీటరులో కుడి చివర, రెడ్‌లైన్ అనే ఆ ఎర్ర గీతల దగ్గర, ఎప్పటిలాగే ఎవరికీ అందకుండా క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

శనివారం మధ్యాహ్నం జరిగిన సంగతి తమదాకా వచ్చి ఉండదు. ఆ సమయానికి తమరు అక్కడ లేరు కదా. ఏ సమయానికీ ఉండరనే ఈ లేఖ.

గుంటూరు నుంచి వచ్చిన మామగారిని పక్కన కూర్చోబెట్టుకుని, టాప్ దించి, ప్రెస్టన్ రోడ్డు మీద సిగ్నల్ దగ్గర ఆగాను. పక్క లేన్‌లో ఏడు సీట్ల మినీవ్యాను. వెనక రెండు చైల్డ్ సీట్లు, ఎండ తగలకుండా అద్దానికి అతికించిన జిరాఫీ బొమ్మ తెర. గ్రీన్ పడింది. ఆ వ్యాను నడిపే ఆవిడ చేతిలో కాఫీ కప్పు కింద పెట్టకుండానే వెళ్లిపోయింది. నేను మూడు వేల దగ్గర నిలబడి తమ అనుగ్రహం కోసం ఎదురుచూస్తున్నాను. నాకు ఆరు వేలు వచ్చేలోపు ఆవిడకి తర్వాతి సిగ్నల్ వచ్చేసింది.

మామగారు ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. లీటరుకి ఎన్ని కిలోమీటర్లు తెచ్చాడన్న దాన్నిబట్టి మనిషికి విలువ కట్టే తరం. అప్పటికి ఆయన ఏమీ అనలేదు. కనీసం పరువైనా నిలబెట్టుకుందామని టోల్‌వే ర్యాంపు మీద రెండో గేరులో ఆఖరిదాకా తొక్కాను. ఆరు వేలు దాటగానే ఆ గొంతు మారింది. నాకు ఒళ్లు జలదరించింది. ఆయన మెల్లగా నా చేతి మీద చెయ్యి వేశారు. "అల్లుడుగారూ, గేరు మార్చడం మర్చిపోయినట్టున్నారు" అన్నారు.

మార్చాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయినా ఇంత అరుపుకి ఈ స్పీడేంటండీ? క్లచ్ జారుతున్నట్టుంది. రేపు ఆదివారమేగా, గేర్‌బాక్స్ దించి చూద్దాం" అన్నారు.

క్లచ్ కొత్తది. ఆ జారేది క్లచ్ కాదు, తమరేనని ఆయనకి ఎలా చెప్పను?

చెప్పి చూశాను కూడా. రాత్రి భోజనాల దగ్గర, వాల్వులు తెరిచే క్యామ్‌లకి రెండు రకాల ఆకారాలు ఉంటాయనీ, నింపాదిగా తిరిగేటప్పుడు చిన్నవి పనిచేస్తాయనీ, ఆరు వేల దగ్గర ఆయిల్ ప్రెషర్ ఒక పిన్నును తోసి వాల్వులను నొక్కే రాకర్లన్నిటినీ కలిపేస్తుందనీ, అప్పటినుంచి పెద్ద క్యామ్‌దే రాజ్యమనీ వివరించాను. విటెక్ అనే ఈ ఏర్పాటు 1989లో హోండా ఇంటెగ్రాలో మొదటిసారి వచ్చింది, 1.6 లీటర్ల ఇంజినుకి 160 హార్స్‌పవర్, టర్బో లేకుండా లీటరుకి వంద, అప్పట్లో అదొక అద్భుతం అన్నాను. ఆయన పప్పన్నం కలుపుతూ అంతా విన్నారు. మెకానిక్ కదా, చప్పున అందుకున్నారు. "అంటే కింద ఒక ఇంజిను, పైన ఒక ఇంజినూ. మరి ఆ కిందదానికి జీతమెందుకు?"

మహాప్రభో, ఈ ప్రశ్నకి జవాబు తమరే సెలవివ్వాలి. కాగితం మీద తమ కారుకి 240 హార్స్‌పవర్. 1997 సీసీకి అంత పిండటం మాటలు కాదు, ఒప్పుకుంటాను. కానీ అది 8300 దగ్గర. పోనీ లాగే బలం, అదే టార్కైనా కింద ఉంటుందనుకుంటే, ఉన్న ఆ 153 పౌండ్-అడుగులూ 7500 దగ్గర కూర్చున్నాయి. ఆస్తి మొత్తం మేడ మీద పెట్టి, కింది వాటాలో మమ్మల్ని అద్దెకి ఉంచారు.

ఆ మేడ ఎక్కడానికి ఈ దేశంలో దారెక్కడుందో చూపించండి. ఒకటో గేరులో తమ దర్శనానికి వెళ్తే, రెప్ప వేసేలోపు అయిపోతుంది. రెండో గేరులో తమ గడప తొక్కేసరికి స్పీడు అరవై అయిదు మైళ్ల పైచిలుకు. అంటే హైవే పరిమితి అక్కడికక్కడే సరి. మూడో గేరులో తమరి దాకా రావాలంటే తొంభై దాటాలి. అమెరికా మొత్తం మీద అతి ఎక్కువ వేగ పరిమితి ఉన్న రోడ్డు మా టెక్సాస్‌లోనే ఉంది. ఆస్టిన్ నుంచి సెగీన్ వైపు వెళ్లే 130 నంబరు టోల్ రోడ్డు, 85 మైళ్లు. డబ్బు కట్టి ఆ రోడ్డెక్కినా మూడో గేరులో ఎనిమిది వేల దగ్గరే చట్టం అడ్డంగా నిలబడుతుంది. నాలుగు, అయిదు, ఆరు గేర్లలో తమ దర్శనం మాట ఎత్తితే లాయరు ఫోన్ నంబరు దగ్గర పెట్టుకోవాలి. ఆరు గేర్లున్న బండిలో తమకి పనికొచ్చేవి ఒకటిన్నర.

ఆ ఒకటిన్నరకి కూడా ముహూర్తం చూడాలి. పొద్దున్నే స్టార్ట్ చేసిన బండిని తమ వైపు తిప్పకూడదు, ఆయిల్ కాగాలి. టెంపరేచర్ మీటరులో మూడు గీతలు వెలిగాయి కదా అని సంబరపడితే, అవి నీళ్ల వేడివి, ఆయిల్ వేడెక్కడానికి ఇంకా టైమ్ పడుతుంది. మా ఇంటినుంచి ఇండియన్ స్టోరుకి పది నిమిషాలు. కొత్తిమీర, పెరుగు డబ్బా కొనుక్కొచ్చేలోపు ఆయిల్ కాగదు. పిల్లను డ్యాన్స్ క్లాసులో దింపేలోపు కాగదు. పైగా ఆ పని ఈ రెండు సీట్ల బండిలో పెట్టుకుంటే ఇంట్లో ఇంకో రకం రెడ్‌లైన్. కాబట్టి వారమంతా నాలుగు వేల లోపే బుద్ధిగా తిరిగి ఇల్లు చేరతాను. కింది ఇంజినుకి జీతం అందుకే మామగారూ.

అన్నీ కుదిరి, రోడ్డు ఖాళీగా ఉండి, ఆయిల్ కాగి, పోలీసు కనుచూపు మేరలో లేనప్పుడు దొరికేదెంత? ఆరు వేల నుంచి తమ దాకా రెండో గేరులో మూడు నాలుగు సెకన్లు. తిరుమలలో సర్వదర్శనం క్యూ అంతా నిలబడి స్వామి ఎదుటికి వచ్చేసరికి "జరగండి, జరగండి" అని భుజం పట్టి లాగేస్తారే, అచ్చం అలాగే ఇంజిను చుట్లు మితిమీరకుండా ఆపే మీ రెవ్ లిమిటర్ వచ్చి టక టకమని నెట్టేస్తుంది. స్వామి అయితే కనీసం లడ్డూ ఇప్పిస్తాడు.

ఆ లిమిటరైనా అన్నివేళలా కాపాడుతుందా? యాక్సిలరేటర్ తొక్కితే ఆపుతుంది గానీ, నాలుగో గేరు నుంచి మూడో గేరు అనుకుని పొరపాటున ఒకటిలో వేస్తే చక్రాలే ఇంజినును మీ నెత్తిమీదుగా తీసుకుపోతాయి. వాల్వులు పిస్టన్లను పలకరిస్తాయి. అప్పుడు లిమిటర్ చేతులు కట్టుకుని చూస్తూ ఉంటుంది. సరే, దాని సంగతి మెకానిక్ చూసుకుంటాడు.

ఆదివారం పొద్దున పార్కింగ్ లాట్‌లో చేరే మా బృందం గురించి కూడా రెండు మాటలు. ఒకతనిది ఇంటెగ్రా టైప్ ఆర్, రెడ్‌లైన్ 8400. ఇంకొకతనిది మాజ్డా ఆర్ఎక్స్-7, ఎనిమిది వేలు. బానెట్‌లు ఎత్తి గంటల తరబడి అంకెలు మాట్లాడుకుంటాం. నా తొమ్మిది ముందు వాళ్లవి చిన్నవే. అక్కడ మాత్రం మీరు నాకు బాగా పనికొస్తారు, కాదనను. కానీ పక్కకి తీసుకెళ్లి అడిగితే నిజం చెప్తాను. ఆ ఇంటెగ్రా ఇంజినులో పోర్టులు చేత్తో సానబట్టినవి, 1.8 లీటర్లకి 195 హార్స్‌పవర్. పెద్ద క్యామ్ ఆరు వేల లోపే పట్టుకుంటుంది, బండి తేలిక, ముందు చక్రాలతో లాగినా వంపుల్లో గీత తప్పదు. దాంట్లో మనిషి రోజూ ఆఫీసుకి వెళ్లొచ్చు, దొంగలు మిగిలిస్తే. ఆర్ఎక్స్-7కి రెండు టర్బోలు కాబట్టి కింద కూడా కాస్త మర్యాద ఉంటుంది. రెడ్‌లైన్ దగ్గరపడగానే బజర్ కొట్టి చెప్తుంది. పిస్టన్లే లేని ఆ రోటరీ ఇంజిను ఆయిల్ తాగుతుందని ఎగతాళి చేస్తాం గానీ, తాగమని కంపెనీవాళ్లే పంపు పెట్టి మరీ ఇచ్చారు.

ఇక మన ఇంట్లోనే ఇంకో గొడవ. 2004లో అమెరికా ఎస్2000కి 2.2 లీటర్ల ఇంజిను వచ్చింది, రెడ్‌లైన్ ఎనిమిది వేలకి దిగింది. టార్క్ కొంచెం పెరిగింది, కిందినుంచి కొంచెం ముందే కదులుతుంది. తెలివైనవాళ్లంతా అది కొన్నారు. శనివారం ఆ మినీవ్యాను పక్కన నేను 2004 బండిలో ఉండి ఉంటే మరీ అంత అన్యాయం జరిగేది కాదు. అయినా మా బృందంలో ఎనిమిది వేలవాడు వస్తే "ఓహో, మీది తర్వాతి మోడలా" అని ఒక రకంగా అంటాం. ఆ వెటకారం నేర్పింది మీరే. ఆ ఒక్క వేయి కోసం మీకు అంత పొగరు.

కింద బతకడం చేతగాదు, పైన బతకనివ్వవు, ఏం పెట్టుకుని నీకు ఇంత గీర? నీ కోసం ప్రీమియం పెట్రోలు పోస్తున్నాను. హైవేలో ఆరో గేరులో 70 మైళ్లకి కూడా మూడున్నర వేల పైన తిరుగుతూ గీ పెడుతుంటే చెవులు మూసుకుని భరిస్తున్నాను. పక్కనున్న మనిషితో మాట్లాడాలంటే సంతలో బేరం ఆడినట్టు అరవాలి. నువ్వు నాకిచ్చేది వారానికి నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్లకీ కాళ్లు పట్టుకోవాలా?

నిన్ను ఎవరు బాగా చూసుకుంటున్నారో చెప్పనా? నీలాంటి తొమ్మిది వేల బండి కొని, సీటు మీద ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా గరాజ్‌లో పెట్టినవాళ్లు. వేలంలో ధర పెంచుకుంటూ పోతారు. వాళ్ల బండిలో నువ్వు జీవితంలో ఒక్కసారి కూడా వెలగవు. తొమ్మిది వేలు ఉన్నందుకు ధర కడతారు, తొమ్మిది వేలు తిప్పినందుకు ధర కోస్తారు. అది నాకు మినీవ్యాను కన్నా మంట. ఈమధ్య ఒక కొరియా ఎలక్ట్రిక్ కారులో లేని ఇంజినుకి స్పీకర్లలో శబ్దం పెట్టి, లేని గేర్లు మారుతున్నట్టు కుదుపు కూడా ఇస్తున్నారు. దాని స్క్రీన్ మీదా ఒక రెడ్‌లైన్. నీకు వారసుడు పుట్టాడు, అభినందనలు.

ఇంత తిట్టాక కూడా ఒక సంగతి చెప్పకపోతే అన్నం సహించదు. నువ్వు వెలిగే ముందు ఆ మీటరులో జరిగేది నేను వేరే ఏ బండిలోనూ చూడలేదు. ముల్లు లేదు, నారింజ గీతలు ఎడమనుంచి కుడికి కమానులా పరుచుకుంటూ వస్తాయి. నాలుగు, అయిదు దాకా నిదానంగా, ఆరు దగ్గర గొంతు మారగానే గీతలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఎనిమిది, ఎనిమిదిన్నర. ఆ క్షణంలో నాలుగు పిస్టన్లూ సెకనుకి దాదాపు నూట యాభై సార్లు కిందికీ పైకీ పోయి వస్తున్నాయి, ఒక్కో విడత 84 మిల్లీమీటర్లు. అంటే సగటున సెకనుకి పాతిక మీటర్లు. ఒక ఇనుప కడ్డీ చివర వేలాడుతూ, ప్రతిసారీ పూర్తిగా ఆగి, మళ్లీ వెనక్కి తిరిగి. అయినా స్టీరింగ్‌లో వణుకు రాదు. గేరు లివరు బొటనవేలంత కదిలితే చాలు, టిక్కుమని పడుతుంది.

హైదరాబాద్‌లో మా కాలనీలో ఒక అన్నయ్య దగ్గర హోండా సిటీ విటెక్ ఉండేది. 1.5 లీటర్లు, 106 హార్స్‌పవర్, నెక్లెస్ రోడ్డు మీద దాని గొంతు మారినప్పుడు వెనక సీట్లో నేనున్నాను. ఈ దరిద్రం అంటుకున్నది అక్కడే. ఆ అన్నయ్య ఇప్పుడు డీజిల్ ఎస్‌యూవీలో హాయిగా తిరుగుతున్నాడు.

కాబట్టి ఇదే నా ఆఖరి నోటీసు. ఫోర్ట్‌వర్త్ అవతల క్రెసన్ ట్రాక్‌లో వచ్చే నెలకి డబ్బు కట్టాను. బ్రేక్ ఫ్లూయిడ్ మార్పించాను, హెల్మెట్ కొన్నాను. మా ఇంటినుంచి గంటన్నర దారి, ఆయిల్ కాగలేదన్న సాకు అక్కడ చెల్లదు. సిగ్నళ్లు లేవు, మినీవ్యాన్లు లేవు, 85 అని బోర్డూ లేదు. మూడో గేరులో వస్తాను, నాలుగులో వస్తాను. టైర్లు ఒక్క రోజులో అరుగుతాయి, ఇన్సూరెన్స్ వాళ్లు ట్రాక్ మీద ఏం జరిగినా మాకు సంబంధం లేదన్నారు. ఖర్చంతా నీ ఖాతాలో రాసి పెడుతున్నాను. ఇంట్లో అడిగితే బ్యాటరీ మార్పించానని చెప్తాను, నువ్వూ అదే చెప్పు.

ఇట్లు,
నాలుగు వేలు దాటని నీ విధేయుడు