సోఫా వెనక కొలువు

ఒడిశాలో ఉన్న మన పర్లాకిమిడి, బరంపురం తెలుగు కుర్రాళ్లకి ఇక్కడి ఉద్యోగానికి ఒడియా పరీక్ష అడ్డం, ఆంధ్రాలో నాన్‌లోకల్ ముద్ర అడ్డం. రెండు ప్రభుత్వాలూ కలిసి ఇంత శ్రద్ధగా ఖాళీగా ఉంచిన యువతకి తగిన రంగం ఒకటుంది: హైదరాబాదు వెళ్లి తెలుగు సీరియల్లో సోఫా వెనక నిలబడడం.

తేలిక పనేమీ కాదు. కాల్షీటు పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా. హాల్లో అత్తగారు కోడల్ని కడిగేస్తుంటుంది. మాట ఒకరిది, నిలబడేది ఎనిమిది మంది. ముందు అందరూ కనబడే మాస్టర్ షాటు, తర్వాత ఒకరి భుజం మీంచి ఇంకొకర్ని తీసే సజెషన్లు, మొహాల క్లోజులు. ఆఖర్న లైటు కదపకుండా మిగిలినవాళ్ల రియాక్షన్లు వరసగా లాగేస్తారు. కెమెరా పక్కన అసిస్టెంటు పిడికిలి ఎత్తి పట్టుకుంటాడు. దాన్నే అత్తగారనుకుని చూడాలి. "షాకు... కోపం... డౌటు" అంటారు. మూడూ ఇచ్చి పక్కకి జరగాలి. ఎందుకు షాకని అడక్కూడదు. ఇవాళ్టి షాకుని ఎడిటరు వచ్చేవారం ఇంకో చావుకి వాడుకుంటాడు. అందుకే తల ఊపకండి. ఊగే తల ఎక్కడా అతకదు.

బట్టలు మనవే. తెల్లచొక్కా లైటుకి మండుతుంది, సన్నచారలు తెరమీద పాకుతాయి, రెండూ వద్దు. పెళ్లి సీన్లకి బరంపురం పట్టు పంచె పనికొస్తుంది. కానీ సీరియల్లో ఒక్క ముహూర్తం మూడు వారాలు నడుస్తుంది. అన్నాళ్లూ దాన్ని చాకలికి వెయ్యకండి. రంగు దిగిందంటే తాళి కట్టేముందు ఒక పంచె, కట్టాక ఇంకొకటి కనిపించి కంటిన్యుటీ పోతుంది. చెమట వాసన మాత్రం టీవీలో రాదు.

డైలాగు కంఠతా పట్టనక్కర్లేదు. అసిస్టెంటు పక్కనుంచి గట్టిగా చదువుతుంటే చిలకలా అప్పజెప్పడమే. గొంతు ఎలాగూ డబ్బింగులో వేరేవాళ్లది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెబుతూ వాడుక భాష కోసం పోరాడింది మన పర్లాకిమిడిలోనే. 1936లో ఊరు ఒడిశాకి వెళ్లింది గానీ, యాస మాత్రం మారలేదు. ఆ ఊరివాడు నోరు తెరిచి "ఏటి బావూ" అంటే సెట్లో "ఉత్తరాంధ్ర యాస సరిగ్గా రావట్లేదు" అని, విజయవాడ దాటి ఎరగని గొంతుతో చెప్పిస్తారు. మరి అంత సహజత్వం ప్రేక్షకులు తట్టుకోలేరు కదా.

డబ్బు రెండు మూడు నెలలకి, మేనేజరు కమీషను పోగా వస్తుంది. ఓపిక పట్టండి.

ఉద్యోగ భద్రత గురువారం గురువారం వచ్చే టీవీ రేటింగుల మీద ఉంటుంది. అంకెలు పడిపోతే హీరోయిన్ని తీయలేరు, మేనమామని తీస్తారు. పాత్ర అమెరికా వెళ్లిందంటే అదృష్టం, పిలిస్తే తిరిగి రావచ్చు. లారీ గుద్దితే మాత్రం గోడమీద దండతో ఫోటో వేలాడుతుంది. అత్తగారు రోజూ దాని ముందు ఏడుస్తుంది. ఎన్ని ఎపిసోడ్లు ఏడ్చినా పైసా అడక్కండి, ఫోటోకి కాల్షీటు లేదు. షెడ్యూలు మధ్యలో స్టిల్ ఫోటోగ్రాఫరు వచ్చి, ఊరికే ఓ నవ్వు ఫోటో ఇవ్వమన్నాడా, ఆ సాయంత్రమే విశాఖ ఎక్స్‌ప్రెస్‌కి పలాస టికెట్టు తీసేసుకోండి.