తెరను ప్రశ్నించడం బడిలోనే నేర్పాలి

2023 సెప్టెంబరులో స్పెయిన్‌లోని అల్మెంద్రాలెహో అనే చిన్న పట్టణం పేరు ప్రపంచ పత్రికలన్నిటికీ ఎక్కింది. వేసవి సెలవులు ముగిసే వేళకు అక్కడి ఆడపిల్లలకు తమ నగ్నచిత్రాలు తోటివాళ్ల ఫోన్లలో చక్కర్లు కొడుతున్నాయని తెలిసింది. వాళ్లు సోషల్ మీడియాలో పెట్టుకున్న మామూలు ఫొటోలనే ఏఐ యాప్‌లో వేసి, ఒంటి మీద బట్టలు లేనట్టు మార్చేశారు. బాధితులు 20 మందికి పైనే. వారిలో 11 ఏళ్ల చిన్నారులూ ఉన్నారు. ఆ పని చేసింది వాళ్లకు తెలిసిన అబ్బాయిలే. 2024 జులైలో బాలల కోర్టు 15 మందికి ఏడాది ప్రొబేషన్ (జైలుకు బదులు అధికారుల పర్యవేక్షణ) విధించింది. స్త్రీపురుష సమానత్వం గురించి, టెక్నాలజీని బాధ్యతగా వాడుకోవడం గురించి చెప్పే తరగతులకు హాజరు కావాలని కూడా ఆదేశించింది.

ఆ తరగతులు శిక్షలో భాగంగా రావడమే మమ్మల్ని కలవరపెడుతోంది. అవే పాఠాలు ఆ పిల్లలకు రెండేళ్ల ముందు బడిలో అంది ఉంటే ఎంతమంది ఆగేవారో చెప్పలేం గానీ, ఆగి ఆలోచించడానికి ఒక కారణమైనా దొరికేది. కౌమారంలో ఉన్న పిల్లల లైంగిక ఆరోగ్యం గురించి మాట్లాడేటప్పుడు వాళ్ల చేతిలోని తెర గురించి కూడా మాట్లాడక తప్పని రోజులివి. శరీరం గురించి ఒక పాఠం, మీడియా గురించి మరో పాఠం అని విడదీయకుండా రెండింటినీ ఒకే తరగతిలో కలిపి చెప్పాలన్నది మా అభిప్రాయం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో కౌమారమంటే 10 నుంచి 19 ఏళ్ల వయసు. ఒళ్లు మారుతుంటుంది, బుర్రనిండా సందేహాలు. అడగాలంటే సిగ్గు, అడిగితే తిడతారేమోనన్న భయం. పునరుత్పత్తి పాఠం వచ్చేసరికి ‘మీరే చదువుకోండి’ అని పేజీ తిప్పేసే టీచర్లకు కొదవ లేదు. టీవీలో ముద్దు సీను రాగానే ఇంట్లో రిమోట్ కోసం వెతుకులాట మొదలవుతుంది. పెద్దలు మాట దాటేసిన ప్రతిచోటా పిల్లలకు ఫోనే సమాధానం చెబుతోంది. కామన్ సెన్స్ మీడియా సంస్థ 2022లో అమెరికాలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లలను సర్వే చేస్తే, 73 శాతం మంది అశ్లీల వీడియోలు చూశామన్నారు. మొదటిసారి చూసిన సగటు వయసు 12 ఏళ్లు. తాము వెతక్కపోయినా కంటబడ్డాయని చెప్పినవాళ్లు అందులో చాలామందే ఉన్నారు.

అశ్లీల వీడియోల దాకా వెళ్లనక్కర్లేదు. సినిమాలు, సీరియళ్లు, ప్రకటనలు, రీల్స్ కూడా రోజూ పాఠాలు చెబుతూనే ఉంటాయి. వద్దన్న అమ్మాయి వెంట పదేపదే పడితే చివరికి ఒప్పుకుంటుందని చెబుతాయి. ఒంటి రంగు, నడుము కొలత బాగుంటేనే ప్రేమ దక్కుతుందని నూరిపోస్తాయి. ఆ కథల్లో కండోమ్ ఊసే ఉండదు, సుఖవ్యాధుల పరీక్షకు ఎవరూ వెళ్లరు. తెర బయట పరిస్థితి వేరు. నయం చేయగల సుఖవ్యాధులే రోజుకు 10 లక్షలకు పైగా కొత్తగా సోకుతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పేద, మధ్యాదాయ దేశాల్లో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో ఏటా 2.1 కోట్ల గర్భాలు వస్తున్నాయని, వాటిలో దాదాపు సగం కోరుకోనివేనని 2019 నాటి లెక్క.

తెర మీద చూసినదానికీ పిల్లల ప్రవర్తనకూ సంబంధం ఉందా అని పరిశోధకులు చాలాకాలంగా వెతుకుతున్నారు. 2004లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో 12 నుంచి 17 ఏళ్ల పిల్లలు 1,792 మందిని ఒకసారి పలకరించి, ఏడాది తర్వాత మళ్లీ పలకరించారు. టీవీలో లైంగిక సన్నివేశాలు ఎక్కువగా చూసినవాళ్లు ఆ ఏడాదిలో లైంగిక సంబంధం మొదలుపెట్టే అవకాశం ఎక్కువని తేలింది. ఆసక్తి ఉన్న పిల్లలే అలాంటివి వెతుక్కుని చూస్తారన్న వాదన కూడా ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. తెర ఒక్కటే పిల్లలను చెడగొడుతోందని మేమూ అనడం లేదు. కానీ దాని ప్రభావాన్ని మనిషి తనలో తాను గుర్తించడం మహా కష్టం. ప్రచారాలు, ప్రకటనలు పక్కవాళ్ల మీద పనిచేస్తాయి గానీ తమ మీద అంతగా పనిచేయవని జనం నమ్ముతారని డబ్ల్యూ. ఫిలిప్స్ డేవిసన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1983లోనే రాశారు. ‘నాకేం కాదు, ఊరికే చూస్తున్నా’ అనే 14 ఏళ్ల కుర్రాడి మాటలో ఉన్నదీ అదే ధీమా.

మీడియా చెప్పేదాన్ని ప్రశ్నించి అర్థం చేసుకునే ఈ నేర్పునే మీడియా అక్షరాస్యత అంటారు. ఇది కొత్తగా పుట్టిన ఆలోచనేం కాదు. 1982లో 19 దేశాల ప్రతినిధులు యునెస్కో ఆధ్వర్యంలో పశ్చిమ జర్మనీలోని గ్రున్వాల్డ్‌లో సమావేశమై, మీడియాను అర్థం చేసుకునే చదువు బడుల్లో ఉండాలని ప్రకటించారు. లైంగికత విద్యపై యునెస్కో 2018లో సవరించిన మార్గదర్శకాల్లోనూ మీడియా అక్షరాస్యతకు ప్రత్యేకంగా చోటిచ్చారు. కాగితం మీద లోటేమీ లేదు. పిల్లల దాకా చేరడంలోనే వస్తోంది చిక్కంతా.

తరగతిలో ఇది ఎలా ఉంటుందో చూద్దాం. టీచర్ ఒక పెర్ఫ్యూమ్ ప్రకటన వేస్తారు. అబ్బాయి చొక్కా మీద స్ప్రే కొట్టుకుంటాడు, లిఫ్ట్‌లో ఎవరో అమ్మాయి తిరిగి చూస్తుంది, మరుక్షణం అతని మీద వాలిపోతుంది. అంతే, 30 సెకన్లు. శబ్దం తీసేసి టీచర్ దాన్నే మళ్లీ వేస్తారు. ఇక ప్రశ్నలు. దీన్ని ఎవరు తీశారు, ఎవరికి అమ్మడానికి? ఆ అమ్మాయి ఒక్క మాటైనా మాట్లాడిందా? ఆమెకు ఇష్టమో కాదో ఎవరైనా కనుక్కున్నారా? అమ్మాయి చోట అబ్బాయిని, అబ్బాయి చోట అమ్మాయిని పెడితే ఇదే ప్రకటన సరదాగా ఉంటుందా, భయం పుట్టిస్తుందా? దీన్ని చూస్తున్న అబ్బాయిలో ఏ లోటు ఉందని చెబుతోంది? పది నిమిషాలు తిరక్కుండానే తరగతి మొత్తం సమ్మతి గురించి వాదించుకోవడం మొదలుపెడుతుంది. టీచర్ ఆ మాట బోర్డు మీద రాయాల్సిన పని కూడా ఉండదు. ఉపన్యాసం ఇస్తే తల దించుకునే పిల్లలు ప్రకటన గురించైతే పోటీ పడి మాట్లాడతారు. తెర మీది మనుషుల గురించి మాట్లాడటానికి ఎవరికీ సిగ్గు ఉండదు, తన సొంత విషయం ఎవరూ బయటపెట్టక్కర్లేదు. ఈ పద్ధతికి ఉన్న అసలు బలం ఇదేనని మేం నమ్ముతున్నాం.

ఆరోగ్య సమాచారానికి ఇంకో రకం అలవాటు కావాలి. తెల్లకోటు వేసుకున్న ఒకాయన, గర్భనిరోధక మాత్రలు వాడితే ఇక జన్మలో పిల్లలు పుట్టరని నిమిషం వీడియోలో బల్లగుద్ది చెబుతాడు. వేలల్లో లైకులు. మాత్రలు మానేశాక గర్భం దాల్చే శక్తి తిరిగి వస్తుందని వైద్యశాస్త్రం ఎప్పుడో తేల్చింది, కానీ ఆ సంగతి వీడియోలో ఉండదుగా. అక్కడ చేయాల్సిన పని ఆ వీడియోనే మళ్లీ మళ్లీ చూడటం మానేసి వేరే ట్యాబ్ తెరవడం. ఆయన ఎవరు, నిజంగా డాక్టరేనా, వీడియో కింద లింకులో ఏ పొడి అమ్ముతున్నాడు, పేరున్న ఆరోగ్య సంస్థలు ఇదే సంగతి గురించి ఏమంటున్నాయి? వార్తల్లో నిజానిజాలు తేల్చే నిపుణులు పనిచేసే తీరు ఇదేనని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గమనించారు. కాస్త సాధన చేయిస్తే పిల్లలకూ పట్టుబడే విద్య ఇది.

ఈ విద్య లేకపోతే జరిగే నష్టం ఎంతటిదో హెచ్‌పీవీ టీకా చరిత్ర చెబుతుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపే ఈ టీకాను కౌమారంలోనే, లైంగిక జీవితం మొదలుకాకముందే వేయించుకోవాలి. జపాన్‌లో టీకా వేయించుకున్న కొందరు అమ్మాయిలకు ఒళ్లు నొప్పులు, వణుకు వచ్చాయంటూ 2013లో టీవీల్లో వరసగా కథనాలు వచ్చాయి. టీకాయే కారణమని రుజువు లేకపోయినా ప్రభుత్వం అదే ఏడాది జూన్‌లో సిఫార్సు ఆపేసింది. 70 శాతం దాటిన టీకా రేటు 1 శాతం లోపుకు పడిపోయింది. ఆ సిఫార్సు మళ్లీ 2022 ఏప్రిల్‌లో గానీ పూర్తిస్థాయిలో మొదలుకాలేదు. మధ్యలో పోయిన దాదాపు తొమ్మిదేళ్ల మూల్యం ఆ అమ్మాయిలు రాబోయే కాలంలో ఆస్పత్రుల్లో చెల్లించాల్సి రావచ్చు. ఐర్లండ్‌లోనూ ఇలాంటి ప్రచారంతోనే 87 శాతం దాకా ఉన్న రేటు 2016-17 నాటికి సగానికి దిగజారింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో పోరాడుతున్న లారా బ్రెన్నన్ అనే యువతి ముందుకొచ్చి, తన కథే చెప్పి టీకా వేయించుకోమని ఊరూరా బతిమాలింది. ఆమె 2019లో, 26 ఏళ్లకే కన్నుమూసింది. ఆమె మాట విన్న తల్లిదండ్రుల వల్ల టీకా రేటు మళ్లీ పెరిగింది. వదంతిని నమ్మినవాళ్లు, నమ్మి టీకా ఆపించినవాళ్లు ఎక్కువగా పెద్దలేనన్నది మరచిపోకూడదు. మీడియాను చదవడం పిల్లలకు మాత్రమే అవసరమనుకుంటే పొరపాటు.

ఇలాంటి పాఠాలు పనిచేస్తాయా అంటే, పనిచేస్తున్నట్టు కొంత ఆధారం ఉంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో కాస్త పెద్ద పిల్లలే చిన్నవాళ్లకు మీడియా పాఠాలు చెప్పిన కార్యక్రమాన్ని పరిశీలించి 2008లో ఫలితాలు ప్రచురించారు. పాఠాలు విన్న పిల్లలు ‘మా వయసువాళ్లంతా చేసేస్తున్నారు’ అనే అపోహ నుంచి కొంతవరకు బయటపడ్డారు. తొందరపడకుండా ఆగగలమన్న నమ్మకం వాళ్లలో పెరిగింది. నెదర్లాండ్స్‌లో 2017లో ప్రచురించిన మరో అధ్యయనం ప్రకారం, అశ్లీల వీడియోల గురించి బడిలో ఎక్కువ నేర్చుకున్నవాళ్లలో ఆ వీడియోలు చూడటానికీ స్త్రీని వస్తువుగా చూడటానికీ ఉన్న లంకె బలహీనపడింది. బడిలో నేర్పడమంటే అలాంటి వీడియోలు పిల్లలకు చూపించడమని ఎవరూ అపార్థం చేసుకోకూడదు. అవి నటన అని, డబ్బు కోసం తీసినవని, అందులో నొప్పి, భయం, ఇష్టాయిష్టాలు, జాగ్రత్తలు కనిపించవని మాటల్లో చెప్పడమే ఆ పాఠం. ఈ పరిశోధనలు ఎక్కువగా ఆలోచనల్లో వచ్చిన మార్పునే కొలిచాయి, ఏళ్ల తర్వాత ప్రవర్తన ఎలా ఉందో చూసినవి తక్కువ. అయినా అడుగు వేయడానికి ఇంత ఆధారం చాలు.

చెబితే చెడిపోతారన్న తల్లిదండ్రుల టెన్షన్ మాకు అర్థమవుతుంది. ఆ భయం పిల్లల మీద ప్రేమతో వచ్చిందే. కానీ ఆధారాలు అందుకు భిన్నంగా ఉన్నాయి. ప్రపంచవ్యాప్త అధ్యయనాలను యునెస్కో క్రోడీకరించి చూస్తే, లైంగికత విద్య వల్ల పిల్లలు ముందుగా లైంగిక జీవితంలోకి దిగుతారన్నది నిజం కాదని తేలింది. జాగ్రత్తలు తీసుకోవడం పెరిగింది, కొన్నిచోట్ల ఆ మొదటి అనుభవం వాయిదా పడింది కూడా.

నిషేధాలతో సరిపెట్టుకుందామనేవాళ్లూ ఉన్నారు. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు నుంచి 16 ఏళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు లేకుండా చట్టం తెచ్చింది. ఆ ప్రయత్నాన్ని మేం తప్పుపట్టడం లేదు, కంపెనీల మెడలు వంచాల్సిందే. అయితే 16 నిండిన మర్నాడు ఖాతా తెరిచే పిల్లవాడికి తెరను ప్రశ్నించడం ఎవరు నేర్పినట్టు? ప్రకటనల్లో శరీరాన్ని మార్చి చూపే ఫొటోలకు ఫ్రాన్స్, నార్వే తప్పనిసరి చేసిన లేబుళ్ల సంగతీ అంతే. లేబుల్ చూసినంత మాత్రాన అమ్మాయిలకు తమ శరీరం మీద అసంతృప్తి తగ్గడం లేదని ఎన్నో ప్రయోగాల్లో తేలింది.

పాఠం పేరుతో ‘మీడియా చెడ్డది, ఫోన్ ముట్టుకోవద్దు’ అని నీతిబోధ చేస్తే మాత్రం మొదటికే మోసం వస్తుంది. పిల్లలు తలూపి బయటికెళ్లి ఫోన్ తీస్తారు. ఇంకెప్పుడూ ఆ టీచర్ దగ్గరికి ప్రశ్నతో రారు. రేపు ఎవరో ‘నీ ఫొటో నా దగ్గరుంది, డబ్బు పంపకపోతే అందరికీ పంపుతా’ అని బెదిరించినప్పుడు ఆ పిల్లలు చెప్పుకోవడానికి ఒక్క పెద్ద మనిషైనా ఉండాలి. డబ్బు పంపవద్దని, మెసేజులు చెరిపేయకుండా దాచమని, ఆ ఖాతాను బ్లాక్ చేసి వెంటనే నమ్మకమైన పెద్దలకు చెప్పమని, తప్పు బెదిరించినవాడిదేనని ముందే చెప్పి ఉంచాలి. 18 ఏళ్లలోపువారి నగ్నచిత్రాలు వ్యాపించకుండా ఆపడానికి ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉందని, అందులో ఫొటోను ఎవరికీ పంపాల్సిన అవసరం లేదని, ఫొటో నుంచి తయారైన డిజిటల్ గుర్తు మాత్రమే వెళ్తుందని ఎంతమంది టీచర్లకు తెలుసు?

అందుకే పని టీచర్ల శిక్షణతో మొదలవ్వాలి. లైంగికత గురించి తడబడకుండా మాట్లాడటం వాళ్లకూ ఎవరూ నేర్పలేదు, ఎవరికి ఏ వీడియో చూపాలో నిర్ణయించే అల్గారిథమ్ రీల్స్ వెనక ఎలా పనిచేస్తుందో అసలే చెప్పలేదు. ఒక్కపూట వర్క్‌షాప్ పెట్టి చేతులు దులుపుకుంటే కుదరదు. బోధన శిక్షణ కోర్సులోనే దీన్ని చేర్చాలి, సైన్సు టీచర్‌తో పాటు భాషా టీచర్‌కూ బాధ్యత ఇవ్వాలి, ఎందుకంటే ఒక కథను విప్పి చూడటం వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మార్కులు, పరీక్షలు పెట్టకూడదు. అశ్లీల వీడియోలు మొదటిసారి కంటబడే సగటు వయసు 12 అయినప్పుడు, 15 ఏళ్లకు మొదలుపెట్టే పాఠం ఆలస్యమే. వయసుకు తగ్గ మాటలతో 10 ఏళ్లకే మొదలుపెట్టి ఏటా కొన్ని పీరియడ్లు కేటాయించాలి. ఏ ప్రకటన, ఏ వీడియో వాడుతున్నారో తల్లిదండ్రులను పిలిచి ముందుగా వాళ్లకే చూపించాలి.