పోలీసును చంపితే ఉరి ఖాయం చేయాలన్న ప్రచారంలో నిజమెంత

అక్టోబరు 21, పోలీసు అమరవీరుల దినం వచ్చిందంటే చాలు, ఒంగోలు, కందుకూరు, కావలి వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చక్కర్లు కొడుతుంది. విధి నిర్వహణలో ఉన్న పోలీసును చంపినా మన చట్టం దాన్ని మామూలు హత్యగానే చూస్తుందని, అమెరికాలో, ఇంగ్లండులో అయితే ఉరి తప్పదని, మన అసెంబ్లీ తలచుకుంటే అలాంటి చట్టం ఒక్క రోజులో చేయగలదని, అది వస్తే పోలీసుల మరణాలు ఆగిపోతాయని దాని సారాంశం. చనిపోయినవారి కుటుంబాలకు ఏమీ దక్కదన్న మాట కూడా దానికి తోడవుతుంది. 2005లో ఒంగోలులోనే అప్పటి జిల్లా ఎస్పీపై జరిగిన బాంబు దాడి గుర్తున్నవారికి ఈ ఆవేదన ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పనక్కర్లేదు. అయితే ఆవేదన ఎంత న్యాయమైనదైనా, దాని కోసం చెప్పే మాటలు నిజం కావాలి కదా.

చట్టానికి పట్టింపు లేదన్నది మొదటి మాట. పాత ఐపీసీ (భారతీయ శిక్షాస్మృతి) స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 103వ సెక్షన్ ప్రకారం హత్యకు మరణశిక్ష గానీ యావజ్జీవ శిక్ష గానీ పడుతుంది. ఆ రెండింటిలో ఏది విధించాలో నిర్ణయించే పద్ధతిని 1980 నాటి బచన్ సింగ్ తీర్పులో సుప్రీంకోర్టు చర్చించినప్పుడు, విధుల్లో ఉన్న పోలీసును చంపడం, లేదా అతడు చేసిన విధికి కక్ష కట్టి చంపడం శిక్షను పెంచే పరిస్థితుల్లో ఒకటిగా ఆ తీర్పులోనే చోటు చేసుకుంది. ప్రాణం పోనప్పుడు కూడా, విధికి అడ్డుపడి గాయపరిస్తే 121వ సెక్షన్, దౌర్జన్యం చేస్తే 132వ సెక్షన్ వేరుగా ఉన్నాయి.

ఉరిని తప్పనిసరి చేయాలన్న రెండో మాట ఇంతకంటే బలహీనమైనది. యావజ్జీవ ఖైదీ మరో హత్య చేస్తే ఉరి తప్ప వేరే శిక్ష ఉండకూడదన్న పాత ఐపీసీ 303వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 1983లో మిఠ్ఠూ కేసులో కొట్టివేసింది. ఆయుధ చట్టంలోని అలాంటి నిబంధననే 2012లో దల్బీర్ సింగ్ కేసులో కొట్టివేసింది. ఆ రెండో కేసులో నిందితుడు ఒక సీఆర్‌పీఎఫ్ కానిస్టేబుల్, తన దళంలోని వారినే కాల్చి చంపాడన్నది అతడిపై అభియోగం. అంటే చనిపోయినవారు యూనిఫాం వేసుకున్నవారైనా సరే, నేరం జరిగిన తీరును తూచే అధికారం న్యాయమూర్తి చేతిలోంచి లాగేసుకోవడానికి కోర్టు ఒప్పుకోలేదు.

అసెంబ్లీ సంగతి మనకు అనుభవమే. నేర చట్టం ఉమ్మడి జాబితాలోని అంశం కాబట్టి, కేంద్ర చట్టానికి భిన్నంగా రాష్ట్రం చేసే సవరణకు రాష్ట్రపతి ఆమోదం కావాలి. అత్యాచారాలకు ఉరిని ప్రతిపాదిస్తూ 2019 డిసెంబరులో మన అసెంబ్లీ ఆర్భాటంగా ఆమోదించిన దిశ బిల్లు ఆ గడప దాటలేకపోయింది.

విదేశాల ఉదాహరణలు తలకిందులుగా ఉన్నాయి. పోలీసును చంపితే మరణశిక్ష తప్పనిసరి అన్న లూసియానా రాష్ట్ర చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1977లోనే రాజ్యాంగ విరుద్ధమంది. 2017లో ప్రతినిధుల సభ ఆమోదించిన 'థిన్ బ్లూ లైన్' బిల్లు కూడా ఉరిని తప్పనిసరి చేయలేదు, శిక్షను నిర్ణయించేటప్పుడు లెక్కలోకి తీసుకోవలసిన కారణాల్లో ఒకటిగా మాత్రమే పోలీసు హత్యను చేర్చింది. అదీ సెనేట్ దాటలేదు. ఇంగ్లండు 1957లో విధుల్లో ఉన్న పోలీసు హత్యకు ఉరిని అట్టిపెట్టుకున్నా, 1965లో హత్యకు ఉరినే ఎత్తివేసింది.

అసలు చర్చ జరగవలసింది, చట్టం వస్తే మరణాలు ఆగిపోతాయన్న మాట మీద. మన జిల్లాల్లో పోలీసు ప్రాణానికి ముప్పు తుపాకీ నుంచే కాదు, చక్రాల నుంచీ ఉంది. జాతీయ రహదారి మీద అర్ధరాత్రి స్టాపర్లు అడ్డం పెట్టి, రేడియం జాకెట్టు వేసుకుని, టార్చి ఊపుతూ నిలబడే కానిస్టేబుల్ మీదికి ఎర్రచందనం స్మగ్లర్ల కారో, కునుకు తీసిన డ్రైవర్ లారీయో దూసుకొస్తుంది. రెండో దానికి ఏ ఉరి భయమూ పనిచేయదు. మొదటి దానిలో కూడా డ్రైవర్ 'బ్రేకు పడలేదు' అంటాడు. ఆ మాట నిలిస్తే కేసు 106వ సెక్షన్‌లోని నిర్లక్ష్యపు మరణంగా మిగులుతుంది, గరిష్ఠ శిక్ష ఐదేళ్లు. ఉద్దేశం రుజువైతేనే అది హత్య. ఆ రుజువు రోడ్డు మీది టైరు జాడల్లో, టోల్‌ప్లాజా కెమెరా ఫుటేజీలో, బ్రేకు ఇన్‌స్పెక్టర్ నివేదికలో ఉంటుంది. మొదటి కొన్ని గంటల్లో వాటిని పదిలం చేయకపోతే ఎంత కఠినమైన సెక్షనైనా కాగితం మీదే ఉండిపోతుంది. ఢీకొట్టి, సమాచారం ఇవ్వకుండా పారిపోతే పదేళ్ల వరకు శిక్ష వేసే 106(2) నిబంధన, 2024 జనవరి నాటి లారీ డ్రైవర్ల ఆందోళన తర్వాత అమలుకు నోచుకోలేదు. న్యాయం కావాలనేవారు పట్టుకోవలసిన కొస ఇదని నా అభిప్రాయం. ఇంగ్లండులో 2019లో ఒక కానిస్టేబుల్‌ను దొంగలు కారుతో ఈడ్చుకెళ్లి చంపారు. హత్య రుజువు కాకపోవడంతో అక్కడివారు 2022లో, అత్యవసర సేవల సిబ్బంది ఎవరైనా అలా చనిపోతే, హత్య కాని నేరానికైనా సాధారణంగా యావజ్జీవం పడేలా చట్టం తెచ్చారు.

'ఎవరైనా' అన్నది గమనించాలి. 2013 డిసెంబరులో శేషాచలం అడవుల్లో స్మగ్లర్ల చేతిలో చనిపోయిన ఇద్దరూ అటవీ సిబ్బంది. మన సందేశం కోరుతున్న చట్టంలో వారికి చోటు లేదు. కానిస్టేబుల్ పక్కనే నిలబడే హోంగార్డు ఊసే లేదు.

కుటుంబాలకు ఏమీ దక్కదన్న మాట సగం నిజం. ఎక్స్‌గ్రేషియా, కారుణ్య నియామకం ఉన్నాయి. వాహనం ఢీకొని చనిపోతే మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్‌లో పరిహారం కూడా కోరవచ్చు, కానీ 2022 ఏప్రిల్ నుంచి అందుకు గడువు ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆరు నెలలే. దశదిన కర్మలు, పింఛను కాగితాల మధ్య ఈ తేదీ దాటిపోకుండా ఎవరో ఒకరు ఆ ఇంటివారికి చెప్పాలి.