సీమ సరుకు

ఇది ఒక పెద్దమనిషి సంగతి. పేరెందుకు లెండి. రాస్తున్న వేళ్లకు కిరసనాయిలు వాసన ఇంకా పోలేదని మాత్రం మనవి.

కర్నూల్లో కొండారెడ్డి బురుజు దాటాక ఓ పాత సామాన్ల అంగట్లో 26 అంగుళాల చేతిరంపం కొన్నాడు. మనం అమ్మబోతే "తుప్పన్నా, కిలో లెక్కే" అనే అంగడాయన, తను అమ్మేటప్పుడు "సీమ సరుకన్నా!" (అంటే దొరల దేశపు సరుకని) 600 గుంజాడు. రాయలసీమలో నిలబడి ఏది అమ్మినా సీమ సరుకే గదా, అబద్ధమాడినావని అడగనూ లేం.

చూడాల్సినవి చూసే కొన్నాడు పాపం. పళ్ల వెంబడి ఒంటికన్నుతో చూస్తే రేకులో వంకర లేదు. కొన పట్టి వంచి వదిలితే మళ్లీ నిటారుగా నిలిచింది. అంగుళానికి 8 మొనలు. (రెండు చివర్లూ కలిపితేనే 8, పళ్లు 7 మాత్రమే.) పళ్ల అంచులు ఏటవాలుగా, చిన్న కత్తుల్లా ఉన్నాయి కాబట్టి అడ్డకోతది. ఉలిమొనల్లా తిన్నగా ఉంటే నిలువుకోతది.

తర్వాత పిడి మీది ఇత్తడి బిళ్ళ. చింతపండు పెట్టి తోమాడు. ముందు రెక్కలు బయటపడ్డాయి, కోడి అనుకున్నాడు. ఇంకాస్త తోమితే డేగ. చుట్టూ అక్షరాలు: "వారంటెడ్ సుపీరియర్". కంపెనీ దొరికింది! వారంటెడ్ దొరగారు, సుపీరియర్ దొరగారు, ఇద్దరూ భాగస్వాములు. వారంటెడ్ దొరకు గడ్డం ఉండి ఉంటుంది. సుపీరియర్ కాస్త గర్విష్టి, పేరులోనే తెలుస్తోంది. లెక్కలకాడ ఇద్దరికీ చెడి ఉంటుందని కూడా తేల్చేసి, బావమరిదికి ఫోన్ చేసి చెప్పాడు. అక్కడితో ఆగితే బాగుండేది. వడ్రంగి ఆచారికి కూడా చెప్పాడు.

"మా నాయన కాడ మూడు రంపాలుండె సార్. మూడిటికీ ఇదే బిళ్ళ. కంపెనీలు మాత్రం మూడు" అన్నాడు ఆచారి.

ఆ బిళ్ళ రెడీమేడ్ సరుకు. దాని మీది మాటలకు 'మేలైనదని హామీ' అని మాత్రమే అర్థం. చాలా కంపెనీలు తమ చవక రకాలకు దాన్నే బిగించేవి. 1840లో ఫిలడెల్ఫియాలో మొదలైన డిస్టన్ వాళ్లు కూడా మేలురకానికి సొంత పేరున్న బిళ్ళ వేసి, చవకవాటికి దీన్ని తగిలించేవాళ్లు. పెళ్లిపత్రిక మీద శ్రీరస్తు శుభమస్తు లాంటిదన్నమాట. అది చదివి పెళ్లికొడుకెవరో చెప్పగలమా?

"మరి పేరు యాడుంటాది?"

"రేకు మీదుంటాది సార్. బిళ్ళ ఉన్న పక్కనే, నడుమన. సన్నగా చెక్కింటారు, తుప్పు కింద దాగింటాది."

దాన్ని బయటికి తేవడానికి ఓ పద్ధతుంది. చదునైన చెక్కముక్కకు 320 నంబరు వాటర్‌పేపర్ చుట్టి, కిరసనాయిలు చుక్కలేసి, పొడుగునా మెల్లగా రుద్దాలి. చెక్క గుంటల్లోకి దిగదు కాబట్టి పైతుప్పు పోయి, రాత నల్లగా నిలుస్తుంది. వేళ్లతో రుద్దితే రాత కూడా పోతుంది.

పెద్దమనిషి ముందురోజు సాయంత్రమే, "రెండే నిమిషాలు ఫ్రెండ్స్" అనే ఓ వీడియో కుర్రాణ్ణి నమ్మి, గ్రైండర్‌కు 80 నంబరు డిస్కు తగిలించాడు. తర్వాత 400. ఆఖర్న బఫ్ఫు. పళ్లకాడ రెండుచోట్ల నీలం తిరిగింది కూడా. అట్లా కాలిన ఉక్కు మెత్తబడుతుంది, అక్కడి పంటికి పదును నిలవదు.

ఆచారి రంపాన్ని వెలుతురుకు తిప్పాడు. కాసేపు చూశాడు. వేలితో మీసం సర్దుకున్నాడు.

"బాగా కనపడతాండాది సార్."