సైనికుడి ఇంటికి పదో ఏడాది ఎవరొస్తారు?

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఎక్స్ మిలటరీ వాళ్లు నలుగురు కలిస్తే ఒక మాట వస్తూ ఉంటుంది, చనిపోయిన మనోళ్ల కుటుంబాల కోసం మనమే ఒక ట్రస్ట్ పెట్టుకుందాం, నెలకి తలా వందో రెండొందలో వేసుకుందాం అని. పెన్షన్ తీసుకుంటూ ఏ బ్యాంకు దగ్గరో టోల్‌గేట్ దగ్గరో గన్‌మేన్‌గా చేస్తున్న హవల్దార్లు, సుబేదార్లు ఎవరూ అడక్కుండానే అనుకునే మాట ఇది. పెట్టాలి, తప్పకుండా పెట్టాలి. కాకపోతే చర్చంతా ఎంత వసూలు చేద్దాం, ఎంత ఇద్దాం, చెక్కు ఎవరి చేతుల మీదుగా ఇప్పిద్దాం అనే దగ్గరే తిరుగుతుంది, నా పేచీ అక్కడే. డబ్బులివ్వడం ఒక్కటే పనైతే నాయకులూ సినిమావాళ్లూ కూడా ఇస్తారు. ఫౌజులో పదిహేడేళ్లో ఇరవయ్యేళ్లో చేసొచ్చిన మనిషి మాత్రమే చెయ్యగలిగే పని వేరే ఉంది.

మొదటి రోజు ఎలా ఉంటుందో అందరం చూసిందే. విశాఖ ఎయిర్‌పోర్టులో పేటిక దిగుతుంది, అక్కణ్నుంచి హైవే మీద ఆర్మీ ట్రక్కు, ముందూ వెనకా బైకుల ర్యాలీ, ఊరి మొగలో ఫ్లెక్సీ, కలెక్టర్, మంత్రి, ఎమ్మెల్యే, గాల్లోకి కాల్పులు, మడతపెట్టిన జెండా భార్య చేతికి. పెద్దకర్మ దాకా ఇల్లు జనంతో నిండే ఉంటుంది. మూడో నెలకి ఫోన్లు తగ్గుతాయి. మర్నాటి ఏడాది జనవరి 26కి హైస్కూల్లో పిలిచి శాలువా కప్పుతారు, ఐదో ఏడాదికి ఆ పిలుపూ ఉండదు, ఆ పిల్లోడికి ఫీజులు పెరిగేది సరిగ్గా అప్పుడే.

అసలు ప్రభుత్వం ఏమిస్తుందో ముందు చూద్దాం, ఎందుకంటే ట్రస్ట్ ఎవరికి అవసరమో అక్కడే తేలుతుంది. 2016 నుంచి కేంద్రం ఇచ్చే ఎక్స్‌గ్రేషియా డ్యూటీలో ప్రమాదానికీ టెర్రరిస్టు దాడికీ 25 లక్షలు, సరిహద్దు ఘర్షణలకి 35 లక్షలు, యుద్ధంలో శత్రువు చేతిలో పోతే 45 లక్షలు. ఇన్సూరెన్స్, గ్రాట్యుటీ వేరే. పెన్షన్ సంగతికొస్తే, బ్యాటిల్ క్యాజువాల్టీ అని రాస్తే లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్, అంటే ఆఖరి జీతం మొత్తం. యుద్ధం కాదు గానీ సర్వీసు వల్లే పోయాడు అంటే స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్, 60 శాతం. సర్వీసుకి సంబంధం లేదు అంటే మామూలు ఫ్యామిలీ పెన్షన్, కొన్నేళ్లు కాస్త ఎక్కువ ఇచ్చి తర్వాత 30 శాతానికి దించుతారు.

ఒకే ఊరి నుంచి ఒకే బ్యాచ్‌లో వెళ్లిన ఇద్దరు కుర్రాళ్లని అనుకోండి. ఒకడు ఎల్‌ఓసీ మీద కాల్పుల్లో పోయాడు, ఇంకొకడు సెలవులో ఇంటికొచ్చి ఆమదాలవలస రోడ్డు మీద బండి మీంచి పడి పోయాడు. మొదటివాడి ఇంటికి పూర్తి జీతం, మంత్రి, శిలాఫలకం. రెండోవాడి ఇంటికి చాలా కేసుల్లో ఆ 30 శాతమే, ఎక్స్‌గ్రేషియా కూడా ఉండదు. అదే రెండోవాడు సెలవు అయిపోయి శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో రైలెక్కి యూనిట్‌కి వెళ్తూ దారిలో పోయుంటే లెక్క వేరు, ఆ ప్రయాణాన్ని డ్యూటీగానే చూస్తారు. గుండెపోటు, జాండిస్, డిప్రెషన్‌తో చేసుకున్న ఆత్మహత్య, ఇవన్నీ ఫిజికల్ క్యాజువాల్టీ, అంటే యుద్ధంతో సంబంధం లేని మరణం, ఫైల్లోకి వెళ్తాయి, సర్వీసు వల్లే వచ్చింది అని నిరూపించుకోవాల్సిన అవస్థ ఇంటివాళ్ల నెత్తిన పడుతుంది. ట్రస్టులు మాత్రం దాదాపు అన్నీ మొదటివాడి ఇంటికే పరిగెడతాయి, ఫొటో అక్కడ ఉంటుంది కాబట్టి. రాష్ట్రాల సాయం కూడా అంతే. గల్వాన్‌లో 2020 జూన్ 15 రాత్రి పోయిన 20 మందిలో కల్నల్ సంతోష్ బాబు ఒకరు, సూర్యాపేట ఆయన, మన కోరుకొండ సైనిక్ స్కూల్ విద్యార్థి. తెలంగాణ ఆయన కుటుంబానికి 5 కోట్లు, ఇంటి స్థలం, భార్యకి గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది. ఇవ్వాల్సిందే. కానీ ఏ రాష్ట్రంలో పుట్టాడు, ఏ నెలలో పోయాడు, టీవీలో ఎంతసేపు వచ్చాడు అనేదాన్ని బట్టి సాయం మారిపోతుంటే ఆ తేడా పూడ్చాల్సింది ఎవరు? నేనైతే ట్రస్ట్ డబ్బులో పెద్ద వాటా ఆ బండి మీంచి పడ్డ కుర్రాడి ఇంటికే పోవాలంటాను. అమరవీరుడి కుటుంబాన్ని పక్కన పెట్టమని కాదు నేననేది, ఆ ఇంటికి కావాల్సిన సాయం వేరే రకం.

ఆ రకం ఏంటంటే కాగితం. మిలటరీ కాగితం గురించి తెలియనోళ్లకి చెప్తే నమ్మరు. జవాన్ పెళ్లి చేసుకుంటే పార్ట్-2 ఆర్డర్ (సర్వీసు రికార్డులో నమోదు చేసే ఉత్తర్వు) పడాలి, పిల్లలు పుడితే పార్ట్-2 ఆర్డర్ పడాలి. మనోడు సెలవులో పెళ్లి చేసుకుని, కాగితాలు మళ్లీ ఇద్దాంలే అని పోస్టింగ్‌కి వెళ్లిపోయి, ఆ మళ్లీ రాకముందే పోతాడు. పడినా పేరు సరిగ్గా పడదు, మన ఇంటిపేరు ముందుంటుంది, అక్కడి క్లర్కు దాన్ని వెనక్కి తోస్తాడు, ఆధార్‌లో భార్య లక్ష్మి పేరు ఒక స్పెల్లింగు, పీపీఓలో (పెన్షన్ మంజూరు ఆర్డర్‌లో) ఇంకో స్పెల్లింగు, పదో తరగతి మార్కుల లిస్టులో మూడోది. ముగ్గురూ ఒకటే మనిషని చెప్పడానికి అఫిడవిట్, తహసీల్దార్ సర్టిఫికెట్, మళ్లీ రికార్డ్ ఆఫీస్‌కి పోస్టు. ఆ రికార్డ్ ఆఫీస్ ఎక్కడుంటుంది? ఆర్టిలరీ అయితే నాసిక్, సిగ్నల్స్ అయితే జబల్‌పూర్, మెడికల్ కోర్ అయితే లక్నో, మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్, ఈఎంఈ అయితే సికింద్రాబాద్. సోంపేట దగ్గర ఊర్లో ఇంటర్ చదివిన ఇరవైనాలుగేళ్ల అమ్మాయి జబల్‌పూర్‌కి ఫోన్ చేసి హిందీలో "సాబ్, మేరా కేస్..." అని ఎక్కణ్నుంచి మొదలెట్టాలి?

అక్కడ ఒక రిటైర్డ్ క్లర్కు హవల్దార్ లక్ష రూపాయల చెక్కు కంటే ఎక్కువ. ఏ సెక్షన్‌కి రాయాలో, ఏ లెటర్ నంబర్ కోట్ చెయ్యాలో, అవతల సుబేదార్ మేజర్‌తో ఎలా మాట్లాడితే ఫైల్ కదుల్తుందో ఆయనకి తెలుసు. పెన్షన్ అంతా ఇప్పుడు రక్షణ శాఖ ఆన్‌లైన్ పోర్టల్ స్పర్శ్‌లోకి వచ్చేసింది, ఓటీపీ పాత సిమ్‌కి పోతుంది, ఆ సిమ్ చనిపోయినాయన పేరు మీద ఉంది, రీఛార్జ్ లేక ఆగిపోయింది. డిఫెన్స్ శాలరీ అకౌంట్ మీద బ్యాంకు యాక్సిడెంట్ ఇన్సూరెన్స్ ఉంటుందని ఇంట్లో ఎవరికీ తెలీదు, తెలిసేసరికి క్లెయిమ్ గడువు దాటిపోతుంది. కుటుంబానికి తక్కువ పెన్షన్ కట్టారు అనిపిస్తే అప్పీలు ఉంది, దాని తర్వాత ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ ఉంది, మనకి చెన్నై బెంచ్. ఇవన్నీ నడపడానికి కావాల్సింది ఒక గది, ఒక కంప్యూటర్, ఒక స్కానర్, వారానికి రెండు రోజులు కూర్చునే ఇద్దరు మనుషులు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది కదా అంటారు, ఉంది, పని కూడా చేస్తుంది, కానీ ఉన్న నలుగురైదుగురు స్టాఫ్ ఇచ్ఛాపురం దాకా ఇంటింటికీ వెళ్లలేరు, ఎవరైనా వస్తేనే చూస్తారు.

మాజీ సైనికుల సంక్షేమం చూసే కేంద్రీయ సైనిక్ బోర్డు స్కీములు చూడండి. హవల్దార్ ర్యాంకు దాకా కూతురి పెళ్లికి గ్రాంటు, పిల్లల చదువుకి నెలవారీ గ్రాంటు, పెన్షన్ లేని 65 దాటిన ముసలోళ్లకి పెన్యురీ గ్రాంటు ఉన్నాయి. 2025 అక్టోబర్‌లో వీటిని రెట్టింపు చేశారు, పెళ్లికి 50 వేలుండేది లక్ష, పెన్యురీ నెలకి 4 వేలుండేది 8 వేలు. నెలకి 8 వేలంటే పల్లెలో ఒంటరి ముసలమ్మకి చిన్న మాట కాదు. ట్రస్ట్ వందలు వందలు పోగేసి ఏడాదికి ఒకసారి ఇచ్చే పదివేల కంటే ఈ ఒక్క అప్లికేషన్ సరిగ్గా నింపించడం ఎంత ఎక్కువో లెక్క వేసుకోండి.

ఇక ఎవరూ మాట్లాడని గొడవ, ఇంట్లో గొడవ. డబ్బు వచ్చాక భార్య ఒక వైపు, అత్తమామలు ఒక వైపు. "కొడుకుని కన్నది మేము" అని వాళ్లు, "పిల్లల్ని పెంచాల్సింది నేను" అని ఆమె, ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. 2024లో కెప్టెన్ అన్షుమన్ సింగ్‌కి మరణానంతరం కీర్తి చక్ర ఇచ్చాక దేశమంతా ఇదే రచ్చ. మన ఊళ్లలో అది టీవీకెక్కదు, పెద్దమనుషుల దగ్గరికి వస్తుంది, పెద్దమనుషులు ఎక్కువగా మగాళ్లే, ఎక్కువగా మామగారి వైపు వాళ్లే. ఆమె చిన్న వయసు, మళ్లీ పెళ్లి చేసుకుంటానంటే ఇంకో తుఫాను. రూల్స్ కూడా మొన్నమొన్నటి దాకా అలాగే ఉండేవి, గ్యాలంట్రీ అవార్డు వచ్చిన సైనికుడి భార్య మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ అలవెన్స్ ఆగిపోయేది, మరిదినో బావగారినో చేసుకుంటే మాత్రం కొనసాగేది, 2017 నవంబర్‌లో గానీ ఆ షరతు తియ్యలేదు. సైనిక్ బోర్డు పెళ్లి గ్రాంటు భర్తపోయినామె మళ్లీ పెళ్లికి కూడా వర్తిస్తుందని ఎంతమంది సంఘం పెద్దలకి తెలుసో నాకు డౌటే. అందుకే ట్రస్ట్ కమిటీలో వీర్ నారీలు, అంటే చనిపోయిన సైనికుల భార్యలు, ఉండాలి, స్టేజీ మీద సన్మానానికి పిలవడం కాదు, చెక్కు మీద సంతకం పెట్టే చోట ఉండాలి. 1971 యుద్ధం తర్వాత 1972లో వి. మోహినీ గిరి వార్ విడోస్ అసోసియేషన్ పెట్టారు. 2007లో ఉరీలో పోయిన కల్నల్ వసంత్ భార్య సుభాషిణి బెంగళూరులో వసంతరత్న ఫౌండేషన్ పెట్టి మిగతా వీర్ నారీల కోసం పనిచేస్తున్నారు. ఆడవాళ్లు నడపలేరు అనేవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

సైనికులే తోటి సైనికుల కుటుంబాల కోసం పెట్టిన సంస్థల్లో నాకు బాగా నచ్చింది ఆస్ట్రేలియా లెగసీ. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్లు 1923లో మెల్‌బోర్న్‌లో మొదలెట్టారు, స్టాన్లీ సావిజ్ అనే ఆయన ముందుండి, అంతకుముందు ఏడాది హోబార్ట్‌లో జనరల్ గెలిబ్రాండ్ పెట్టిన క్లబ్ చూసి. వాళ్ల పద్ధతి ఏంటంటే చందాతో ఆపరు, సభ్యుడికి ఫలానా కుటుంబాలు నీ బాధ్యత అని అప్పగిస్తారు. ఆ ఇంటి పిల్లోడి స్కూలు, ఆమె పెన్షన్ తగాదా, కారుతున్న పైకప్పు అన్నీ అతనే చూడాలి. వందేళ్లు దాటినా నడుస్తోంది. మనకిది కొత్త కూడా కాదు, పల్లెలో తండ్రి లేని పిల్లలకి మేనమామ చేసేది ఇదే, కాకపోతే మేనమామ ఉన్న ఇంటికి ఉంటాడు, లేని ఇంటికి ఉండడు. మండలానికి పది కుటుంబాలున్నాయనుకుంటే పది మంది ఎక్స్ సర్వీస్‌మెన్ దొరకరా? మన మండలాల్లో ఆర్మీ సెలక్షన్ కోసం పొద్దున్నే రోడ్డు మీద 1600 మీటర్లు పరిగెత్తే కుర్రాళ్లకి ఫ్రీగా టైమింగ్ చూసే రిటైర్డ్ జవాన్లు ఊరికొకరుంటారు.

గీత ఎక్కడ గీస్తారన్నది ఇంకో సమస్య. ఊర్లో జనానికి సీఆర్‌పీఎఫ్ అయినా బీఎస్‌ఎఫ్ అయినా "మిలటరీ"యే, కాగితం మీద మాత్రం వాళ్లది హోం శాఖ, సైనిక్ బోర్డు వాళ్లవి చూడదు, మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కార్డు ఉండదు. పుల్వామాలో 2019 ఫిబ్రవరి 14న పోయిన 40 మందీ సీఆర్‌పీఎఫ్ వాళ్లే. భారత్ కే వీర్ అని 2017లో పెట్టిన నిధి ఉంది వాళ్ల కోసం, సరే, కానీ మన జిల్లాల నుంచి ఆర్మీకి ఎంత పోతారో పారామిలటరీకీ అలాగే పోతారు, ట్రస్ట్ పెట్టేవాళ్లు "మేం ఆర్మీ, వాళ్లు వేరే" అనుకుంటే ఊర్లో తలెత్తుకోలేరు.

లెక్కల గురించి రెండు ముక్కలు. ఎవరో ఒకరి సొంత ఫోన్‌పే నంబర్‌కి డబ్బులు వెయ్యమని గ్రూపులో పెడతారు, నమ్మకం మీద నడుస్తుంది, రెండేళ్లకి గ్రూపు రెండుగా చీలుతుంది. 2001 ఏపీ సొసైటీల చట్టం కింద ఏడుగురుంటే రిజిస్ట్రేషన్ అవుతుంది, సంఘం పేరు మీద అకౌంట్, పాన్, ఏటా ఆడిట్, దాతలకి ఆదాయ పన్ను మినహాయింపు ఇచ్చే 80జీ తెచ్చుకుంటే గల్ఫ్‌లోనో హైదరాబాద్‌లోనో ఉన్న మనోళ్లే కాకుండా కంపెనీలూ ఇస్తాయి. ఇంకోటి, విగ్రహాలు. ఊరి మొగలో యూనిఫాంలో నిలబడ్డ జవాన్ విగ్రహం చూస్తే నాకూ గుండె బరువెక్కుతుంది, కానీ అది పంచాయతీ పని, ట్రస్ట్ పైసా దానికి పోకూడదు. ఈ మాటకి కొంతమంది తిడతారని తెలుసు.

చివరగా అగ్నివీరుల సంగతి, ఇప్పుడే సంఘం బైలాలో (నియమావళిలో) రాసుకోకపోతే తర్వాత కష్టం. 2022లో వచ్చిన నాలుగేళ్ల సర్వీసు పథకం అగ్నిపథ్‌లో సర్వీసులో ఉండగా పోతే 48 లక్షల ఇన్సూరెన్స్, సర్వీసు వల్లే అయితే ఇంకో 44 లక్షలు, మిగిలిన నెలల జీతం వస్తాయి, ఫ్యామిలీ పెన్షన్ మాత్రం లేదు. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో సరిహద్దు కాల్పుల్లో పోయిన మురళీ నాయక్ అగ్నివీరే, శ్రీసత్యసాయి జిల్లా కల్లితండా కుర్రాడు, రాష్ట్రం 50 లక్షలు, ఐదెకరాలు ప్రకటించింది. ఒకేసారి వచ్చిన డబ్బుని ఇరవయ్యేళ్లకి సర్దుకోవడం నెలనెలా వచ్చే పెన్షన్ కంటే ఎంత కష్టమో, అప్పులోళ్లూ చుట్టాలూ రియల్ ఎస్టేట్ బ్రోకర్లూ ఆ గుమ్మానికి ఎలా వాల్తారో చెప్పక్కర్లేదు. చనిపోయినవాళ్ల సంగతలా ఉంచి, నాలుగేళ్లు చేసి బతికొచ్చేవాళ్లకి కూడా ఎక్స్ సర్వీస్‌మన్ హోదా లేదు, ఈసీహెచ్‌ఎస్ లేదు. మొదటి బ్యాచ్‌కి నాలుగేళ్లు 2026 ఆఖరు నుంచి నిండుతాయి. వాళ్లకి సంఘంలో సభ్యత్వం ఇస్తారా ఇవ్వరా? పెన్షన్ బుక్ జిరాక్స్ అడిగే సభ్యత్వ ఫారం అయితే వాళ్లు గేటు దగ్గరే ఆగిపోతారు. డిశ్చార్జ్ కాగితం చాలు అని రాసుకుంటే, ఇరవై ఐదేళ్ల కుర్రాళ్లు, స్పర్శ్ పోర్టల్ చేత్తో తిప్పేసేవాళ్లు, మోటర్‌సైకిల్ మీద మందస దాకా వెళ్లొచ్చేవాళ్లు దొరుకుతారు, అరవై దాటిన సుబేదార్‌కి ఇప్పుడు లేనిది అదే.